ఒక డీలర్, నాలుగు కోడ్‌లు: రొయ్యల మేత కంపెనీలో మాస్టర్ డేటా పని

ఈ కేసు పశ్చిమ గోదావరిలోని ఒక రొయ్యల మేత కంపెనీది. పేరు చెప్పను, గుర్తుపట్టే వీలున్న వివరాలు కొన్ని మార్చాను. భీమవరం దగ్గర మిల్లు, కైకలూరు నుంచి నెల్లూరు దాకా డిపోలు, ఊరూరా డీలర్లు. లెక్కలన్నీ ట్యాలీలో, బిల్లులన్నీ స్థానికంగా ఒకరు రాసిచ్చిన సాఫ్ట్‌వేర్‌లో, స్టోర్ సరుకు ఎక్సెల్‌లో. వీటన్నింటినీ ఒకే ఈఆర్‌పీలోకి, అంటే అన్ని విభాగాల పనీ ఒకేచోట నడిపే సాఫ్ట్‌వేర్‌లోకి, తేవాలని యాజమాన్యం నిర్ణయించింది. ఈఆర్‌పీ పెట్టే కంపెనీ వేరే ఉంది. పాత డేటాను సరిచేసి వాళ్లకు అప్పగించడం మా పని. "ఎక్సెల్ షీట్లే కదండీ, డూప్లికేట్లు తీసేస్తే అయిపోతుంది" అన్నారు ఐటీ మేనేజర్ గారు మొదటి మీటింగ్‌లోనే.

యాజమాన్యానికి ఈ విషయం పట్టింది మాత్రం ఈఆర్‌పీ వల్ల కాదు. అంతకుముందు సీజన్‌లో తెల్లమచ్చ తెగులు వచ్చి చాలా చెరువులు మధ్యలోనే ఖాళీ అయ్యాయి. మేత వ్యాపారం అప్పు మీద నడుస్తుంది. రైతు పట్టుబడి (చెరువులో రొయ్యలు పట్టి అమ్మడం) అయ్యాక డీలర్‌కు కడతాడు, డీలర్ కంపెనీకి కడతాడు. పట్టుబడే లేకపోతే పైదాకా అన్నీ ఆగిపోతాయి. అందుకే ఒక్కో డీలర్‌కు ఎంతవరకు అప్పు ఇవ్వవచ్చో ఒక పరిమితి పెట్టుకుంటారు. ఆ సీజన్‌లో ఒక పెద్ద డీలర్ చెక్కు తిరిగొచ్చింది. రికార్డులో అతని బాకీ పరిమితిలోపే ఉంది, కంగారేమీ కనిపించలేదు. అకౌంట్స్‌లో బకాయిలకు ఫోన్లు చేసే అమ్మాయి ఒక మధ్యాహ్నం గమనించింది: జాబితాలో నాలుగు వేర్వేరు పేర్లకు ఒకటే ఫోన్ నంబరు ఉంది. అంటే ఒకే డీలర్‌కు నాలుగు కోడ్‌లు (రికార్డులో డీలర్‌ను గుర్తించే నంబర్లు), ఒక్కోదానికి 30 లక్షల పరిమితి. 30 లక్షలు అనుకున్న అప్పు నిజానికి కోటి దాటిపోయింది.

మాస్టర్ డేటా అంటే ఏమిటో చెప్పడానికి మేము స్లైడ్లు వాడలేదు. డిపోలో ఆ రోజు కొట్టిన బిల్లు ఒకటి తీసుకుని రెండు రంగుల పెన్నులతో గీతలు గీశాం. తేదీ, బిల్లు నంబరు, 80 బస్తాలు, లారీ నంబరు. ఇవి ఈ బిల్లుకే చెందినవి, రేపటి బిల్లులో ఉండవు. ఇది లావాదేవీల డేటా. డీలర్ పేరు, పాన్ నంబరు, మేత రకం, బస్తా బరువు, డిపో, రేటు, అప్పు పరిమితి రేపటి బిల్లులోనూ వస్తాయి, వచ్చే ఏడాది బిల్లులోనూ వస్తాయి. ఒకచోట సరిగా రాసి పెట్టుకుని, అన్ని డిపార్ట్‌మెంట్లూ అక్కడి నుంచే తీసుకోవాల్సిన వివరాలివి. ఇదే మాస్టర్ డేటా. రాష్ట్రాల కోడ్‌లు, పిన్‌కోడ్‌లు, పన్ను కోసం సరుకులను వర్గీకరించే హెచ్‌ఎస్‌ఎన్ కోడ్‌లు మనం తయారు చేసేవి కావు, ప్రభుత్వం నుంచి వస్తాయి. వాటిని రిఫరెన్స్ డేటా అని విడిగా ఉంచుతాం. బిల్లులో తప్పు పడితే ఆ బిల్లు దిద్దుకుంటే సరిపోతుంది. డీలర్ మాస్టర్‌లో తప్పు పడితే ఆ డీలర్ పేరున పుట్టే ప్రతి బిల్లూ, ప్రతి రిపోర్టూ ఆ తప్పును మోసుకుంటూ వెళ్తాయి. పైగా ఎవరికీ కనిపించదు, ఎందుకంటే కూడికలు అన్నీ సరిగ్గానే వస్తాయి.

డీలర్ల జాబితా

పేర్లతో పోల్చడం మొదలుపెట్టగానే మన పేర్ల సంగతి బయటపడింది. ఇంటిపేరు ఒకచోట పొడి అక్షరం, ఇంకోచోట పూర్తిగా ఉంటుంది. ఒకచోట ముందు, ఇంకోచోట వెనక. సత్యనారాయణ రాజు గారిని ఇంగ్లీషు అక్షరాల్లో ఎవరి అలవాటు కొద్దీ వాళ్లు రాశారు. షాపుల పేర్లు మరీ కష్టం. శ్రీ వెంకటేశ్వర, శ్రీ లక్ష్మి, సాయి అనే మాటలు లేని బోర్డు మన దగ్గర అరుదు. ఒకే పేరుతో రెండు ఊళ్లలో రెండు వేర్వేరు షాపులు ఉంటాయి, ఒకే షాపు రెండు పేర్లతో ఉంటుంది. పేర్లను పోల్చే సాఫ్ట్‌వేర్లు చాలావరకు విదేశీ పేర్లకు అలవాటుపడినవి. మన పొడి అక్షరాల ముందు అవి తడబడతాయి. అందుకని పేరును పక్కనపెట్టి పాన్ నంబరును ఆధారంగా తీసుకున్నాం.

చాలామంది జీఎస్టీ నంబరు చాలదా అంటారు. ఈ వ్యాపారంలో చాలదు. రొయ్యల మేత మీద జీఎస్టీ లేదు. పన్ను లేని సరుకు మాత్రమే అమ్మే డీలర్‌కు రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. మందులు, మినరల్స్, ఏరేటర్లు (చెరువు నీటిలో గాలి కలిపే యంత్రాలు) కూడా అమ్మేవాళ్లకే ఆ నంబరు ఉంది. ఉన్నవాళ్ల విషయంలో మాత్రం అది బాగా పనికొచ్చింది. జీఎస్టీ నంబరులో 15 అక్షరాలు ఉంటాయి. మొదటి రెండు అంకెలు రాష్ట్రం కోడ్, ఆంధ్రప్రదేశ్‌కు 37, తెలంగాణకు 36. మూడో అక్షరం నుంచి పన్నెండో అక్షరం దాకా ఉన్నది ఆ మనిషి పాన్ నంబరే. పాన్‌లో నాలుగో అక్షరం చూస్తే వ్యక్తా, భాగస్వామ్య సంస్థా, అవిభక్త కుటుంబమా అన్నది తెలిసిపోతుంది. పాత జాబితాలో 28తో మొదలయ్యే 11 అంకెల నంబర్లు కూడా బోలెడు దొరికాయి. అవి రాష్ట్ర విభజనకు ముందు నాటి వ్యాట్ నంబర్లు. 2017లో జీఎస్టీ వచ్చాక కూడా వాటిని ఎవరూ తీసేయలేదు.

పాన్ ప్రకారం కలిపి చూస్తే అచ్చమైన డూప్లికేట్లు అనుకున్నదానికన్నా తక్కువే తేలాయి. అసలు చిక్కు వేరే చోట ఉంది. మొదట చెప్పిన డీలర్ నాలుగు కోడ్‌ల్లో రెండే ఒకే పాన్ మీద ఉన్నాయి. మూడోది భార్య పేరున, నాలుగోది కొడుకు పెట్టిన సంస్థ పేరున. చట్టం దృష్టిలో ముగ్గురూ వేర్వేరు. కంపెనీ రిస్కు దృష్టిలో మాత్రం ఒకటే గోడౌను, ఒకటే గల్లాపెట్టె. "అన్నీ ఒక కోడ్‌లోకి కలిపేయండి" అన్నారు సేల్స్ వాళ్లు. అలా కలిపితే బాకీ ధ్రువీకరణ పత్రాలు, సెక్యూరిటీ చెక్కులు, రేపు కోర్టుకు వెళ్లాల్సి వస్తే కాగితాలు అన్నీ చిక్కుపడతాయి. కాబట్టి రెండు పనులు విడదీశాం. ఒకే పాన్ ఉన్నవాటిని కలిపేశాం. వేర్వేరు పాన్‌లున్నా ఒకే కుటుంబం నడిపేవాటిని అలాగే ఉంచి, పైన ఒక గ్రూప్ కోడ్ ఇచ్చి, అప్పు పరిమితిని గ్రూప్‌కు కట్టాం. ఏ కోడ్ మీద బిల్లు కొట్టినా మొత్తం గ్రూప్ బాకీనే లెక్కలోకి వస్తుంది. ఈ కేసులో అన్నింటికన్నా ముఖ్యమైన నిర్ణయం ఏదని అడిగితే నేను చూపించేది దీన్నే.

ఏ కుటుంబం ఏ గ్రూపో కంప్యూటర్ చెప్పదు. ఒకే ఫోన్ నంబరు, ఒకే డెలివరీ చిరునామా లాంటి ఆనవాళ్లతో అనుమానపు జాబితా తయారుచేసి, ఏరియా మేనేజర్ల ముందు పెట్టి ఒక్కొక్కటీ అడిగాం. వాళ్లకు అన్నీ తెలుసు. ఎవరి బావమరిది ఎవరో, అన్నదమ్ములు ఎప్పుడు విడిపోయారో, ఏ షాపు పేరుకే ఉందో చెప్పేశారు. ఇన్నాళ్లూ రాసుకోవడానికి ఒక గడి లేకపోవడమే లోటు.

ఎందుకు పుట్టాయి

కోడ్‌లన్నింటినీ తయారైన తేదీ ప్రకారం వరసలో పెట్టి చూడడం నాకు అలవాటు. ఇక్కడ అది చాలా చెప్పింది. అనుమానపు కోడ్‌లు ఎక్కువగా నెలాఖరు వారంలో పుట్టాయి, మార్చి నెలాఖరులో మరీ ఎక్కువ. ఒక సేల్స్ ఆఫీసర్‌ను పక్కకు తీసుకెళ్లి టీ తాగుతూ అడిగితే దాచలేదు. "నెలాఖరండి. పరిమితి నిండి పాత కోడ్ బ్లాక్ అయింది. లారీ డిపో ముందు నిలబడి ఉంది. రైతు చెరువులో మేత లేదంటున్నాడు. హెడ్డాఫీసులో పరిమితి పెంచడానికి వారం పడుతుంది, కొత్త కోడ్ పది నిమిషాల్లో వస్తుంది. ఏం చెయ్యమంటారు?"

కాబట్టి వీటిని టైపింగ్ పొరపాట్లు అనలేం. బ్లాక్ దాటడానికి వేసుకున్న దొడ్డిదారి ఇది. ఆ అవసరం అలాగే ఉంటే ఎంత కడిగినా ఆరు నెలల్లో మళ్లీ నిండుతుంది. మేము ఎండీ గారికి ఇచ్చిన నోట్‌లో మొదటి సిఫార్సు డేటా గురించి కాదు, అప్పు పరిమితి గురించి. సీజన్‌లో తాత్కాలికంగా పరిమితి పెంచే అధికారం, ఒక హద్దు లోపల, రీజినల్ మేనేజర్‌కు ఇవ్వాలి. అదే రోజు అవునో కాదో తేల్చాలి. గడువు దాటగానే పరిమితి దానంతటదే పాత స్థాయికి రావాలి. అకౌంట్స్ మేనేజర్ గారు గట్టిగా వ్యతిరేకించారు. "తాళం సేల్స్ వాళ్ల చేతికే ఇస్తారా?" అన్నారు. ఇప్పటికే వాళ్లు కిటికీలోంచి వస్తున్నారని నాలుగు కోడ్‌ల షీటు చూపించాక మెత్తబడ్డారు. మాస్టర్ డేటా ప్రాజెక్టుల్లో సాఫ్ట్‌వేర్ కొనడానికి పెట్టే డబ్బులో కొంత ఇలాంటి నిబంధనలు సరిచేసే పనిలో పెడితే ఫలితం ఎక్కువ అని నా నమ్మకం. సాఫ్ట్‌వేర్ అమ్మేవాళ్లు ఇది చెప్పరు.

జిల్లా మారితే

2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 26 అయ్యాయి. కైకలూరు కృష్ణా జిల్లా నుంచి ఏలూరు జిల్లాకు వెళ్లింది. కంపెనీ పాత సాఫ్ట్‌వేర్‌లో సేల్స్ ఏరియా అన్నా, జిల్లా అన్నా ఒకటే గడి. ఎవరో కైకలూరు డీలర్లలో సగంమందికి జిల్లా మార్చారు, మిగతా సగం వదిలేశారు. దాంతో పాత కృష్ణా ఏరియా ఆఫీసర్ అమ్మకాలు ఆ ఏడాది పడిపోయినట్టు కనిపించాయి. ఆయన ఇన్సెంటివ్ గొడవ అప్పటికింకా నడుస్తూనే ఉంది. పిన్‌కోడ్ మాత్రం అక్కడ ఇప్పటికీ 521తోనే మొదలవుతుంది, తపాలా శాఖ లెక్క వేరు.

పరిష్కారం తేలికే. జిల్లా ప్రభుత్వం ఇచ్చేది, రిఫరెన్స్ డేటాలో ఉంటుంది. సేల్స్ ఏరియా కంపెనీ ఇష్టం, దానికి వేరే గడి, ఎప్పటినుంచి ఎప్పటిదాకా అన్న తేదీలతో సహా. రేపు ప్రభుత్వం జిల్లాలను మళ్లీ మార్చినా ఎవరి జీతమూ కదలదు.

సరఫరాదారులు

వెండర్ మాస్టర్ గురించి ఎక్కువ చెప్పను, రెండు విషయాలు చాలు. మొదటిది బ్యాంకు వివరాలు. కోస్తాలో ఆంధ్రా బ్యాంకు ఖాతా లేని వ్యాపారి ఉండేవాడు కాదు. 2020 ఏప్రిల్ 1న అది యూనియన్ బ్యాంకులో కలిసింది, ఆ తర్వాత బ్యాంకు శాఖలను గుర్తించే పాత ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్‌లు చెల్లకుండా పోయాయి. కంపెనీ మాస్టర్‌లో పాత కోడ్‌లు అలాగే ఉన్నాయి. చెల్లింపులు చేసే గుమస్తా దగ్గర మాత్రం సరైన కోడ్‌లతో సొంత ఎక్సెల్ షీటు ఉంది. డబ్బు దాన్ని చూసే వెళ్తోంది. మాస్టర్ ఒకటి చెప్తే, డబ్బు ఇంకో షీటు మాట వింటే మోసానికి అంతకన్నా అనువైన చోటు ఉండదు. బ్యాంకు వివరాలు ఎవరు మార్చినా ఇంకొకరు వెండర్‌కు ఫోన్ చేసి ధ్రువీకరించుకున్నాకే అమల్లోకి వచ్చేట్టు పెట్టాం. ఫోన్ కూడా పాత రికార్డులో ఉన్న నంబరుకే చేయాలి, మార్పు అడుగుతూ వచ్చిన ఉత్తరంలోని నంబరుకు కాదు.

రెండోది ఉద్యమ్, అంటే సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థలకు కేంద్రం ఇచ్చే రిజిస్ట్రేషన్. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టంలో 43బీ(హెచ్) నిబంధన వచ్చాక సూక్ష్మ, చిన్న పరిశ్రమల బాకీలను గడువులోపు కట్టకపోతే ఆ ఖర్చును నిజంగా కట్టిన ఏడాది లెక్కలోనే చూపించుకోవాలి. ఒప్పందం ఉంటే గరిష్ఠంగా 45 రోజులు, లేకపోతే 15 రోజులు. బస్తాలు అల్లే యూనిట్లు, ఫ్యాబ్రికేషన్ షాపులు ఈ కోవలోకే వస్తాయి. ఎవరు ఏ తరగతో ఆడిటర్ అడిగితే కంపెనీ దగ్గర జాబితా లేదు, ఎందుకంటే మాస్టర్‌లో ఆ గడే లేదు. సరుకు కొని మళ్లీ అమ్మే వ్యాపారులకు ఈ నిబంధన వర్తించదు కాబట్టి ఉద్యమ్ నంబరు ఒక్కటే సరిపోదు, తయారీదారా వ్యాపారా అన్నది కూడా రాయాలి.

స్టోర్ గదిలో

అన్నింటికన్నా ఇష్టంగా చేసిన పని ఐటమ్ మాస్టర్, అంటే వస్తువుల జాబితా. మిల్లు స్టోర్‌లో మూడు అరల్లో మూడు చీటీలు కనిపించాయి: "బేరింగ్ 6205 జెడ్‌జెడ్", "6205-2జెడ్", "బాల్ బేరింగ్ 25 ఎంఎం". కోడ్‌లు మూడు, వస్తువు ఒకటే. 6205 అంటే లోపలి రంధ్రం 25 మిల్లీమీటర్లు, బయటి కొలత 52, వెడల్పు 15. రెండు వైపులా రేకు మూతలున్న రకాన్ని బేరింగులు తయారుచేసే కంపెనీల్లో ఎస్‌కేఎఫ్ వాళ్లు 2జెడ్ అంటారు, ఎన్‌ఎస్‌కే వాళ్లు జెడ్‌జెడ్ అంటారు. ఒక అరలో నిల్వ లేదని అర్జంటుగా కొనుక్కొచ్చిన రోజున పక్క అరలో దుమ్ము పట్టి నాలుగైదు ఉన్నాయి.

అయితే నాలుగో అర కూడా ఉంది. "6205-2ఆర్‌ఎస్". మా కుర్రాడు ల్యాప్‌టాప్‌లో దాన్ని కూడా మిగతా మూడింటితో కలపబోతుంటే స్టోర్ ఇన్‌ఛార్జ్ చెయ్యి అడ్డం పెట్టాడు. "అది రబ్బరు సీలు సార్. గ్రైండర్ దగ్గర పిండి ఎగురుతుంది, అక్కడ రేకు మూతది వేస్తే పొడి లోపలికి పోయి నెలకే అరుస్తుంది." అక్షరాల్లో తేడా రెండే, కానీ వేసే చోటు వేరు. పేరు పోలికతో కలిపే ఏ ప్రోగ్రామ్ అయినా ఇక్కడ బోల్తా పడుతుంది. అందుకే పేర్లను అలా వదిలేసి ప్రతి వస్తువుకూ లక్షణాలు రాయించాం. బేరింగ్ అయితే నంబరు, మూత రకం, క్లియరెన్స్ (లోపలి సందు). పెల్లెట్ డై (మేతను గుళికలుగా వత్తే అచ్చు) అయితే రంధ్రం కొలత, మందం, ఏ మిషన్‌ది. పేరు ఆ లక్షణాల నుంచే ఒకే వరసలో తయారవుతుంది, ఎవరూ చేత్తో రాయరు.

ముడి సరుకులో ఇదే జబ్బు ఖరీదైన రూపంలో ఉంది. "ఫిష్ మీల్" అనే ఒకే కోడ్ కింద వేర్వేరు ప్రొటీన్ శాతాల సరుకు వచ్చి పడుతోంది. కొనుగోలు విభాగం కిలో సగటు ధర తగ్గిందని సంతోషపడిన నెల నిజానికి తక్కువ ప్రొటీన్ సరుకు ఎక్కువ కొన్న నెల. ఫార్ములా వేసే న్యూట్రిషనిస్ట్ గారు ల్యాబ్ రిపోర్టులు విడిగా చూసుకుని సర్దుకునేవారు. ఆయన సెలవు పెట్టిన వారం టెన్షనే. ప్రొటీన్ శ్రేణిని బట్టి కోడ్‌లు విడదీశాం. చూడండి, డీలర్ల దగ్గర నాలుగింటిని దగ్గరకు తెచ్చాం, ఇక్కడ ఒకదాన్ని మూడు చేశాం. మాస్టర్ డేటా పని అంటే డూప్లికేట్లు తీసేయడమే అనుకునేవాళ్లు ఈ రెండో సగాన్ని మర్చిపోతారు.

కొలతల సంగతి ఒక్క ముక్కలో. మిల్లు టన్నుల్లో, డిపో బస్తాల్లో, ఒక పాత డిపో మాత్రం కిలోల్లో రాస్తోంది. బస్తా 25 కిలోలు, టన్నుకు 40 బస్తాలు. మూల కొలత కిలో అని ఖాయం చేసి మిగతావన్నీ దాని నుంచే లెక్కకట్టేట్టు పెట్టాం.

ఎవరి బాధ్యత

ఒక డీలర్ గురించి మూడు చోట్ల మూడు వివరాలు ఉన్నప్పుడు ఏది నిలవాలి? గడికో నియమం రాశాం. పేరు పాన్ కార్డులో ఉన్నట్టు. చిరునామా జీఎస్టీ ఉంటే అందులోది. ఫోన్ నంబరు సేల్స్ యాప్‌లో చివరగా పనిచేసినది. పరిమితి అకౌంట్స్‌ది. ఇలా తేలిన ఒక్క రికార్డునే మా భాషలో గోల్డెన్ రికార్డ్ అంటారు.

కొత్త కోడ్ ఇకపై ఎవరు తెరవాలన్న దగ్గర అసలు బేరం నడిచింది. అది ఐటీ చేతిలో ఉండాలని సేల్స్, సేల్స్ చేతిలో ఉండాలని ఐటీ. ఐటీ వాళ్లకు ఫలానా షాపు ఎవరిదో తెలియదు, కాబట్టి వాళ్లకు ఇవ్వడం దండగ. చివరికి అకౌంట్స్ నుంచి ఒకరు, సేల్స్ కోఆర్డినేషన్ నుంచి ఒకరు, ఇద్దరితో ఒక చిన్న డెస్క్ పెట్టారు. అందులో ఒకరు, మొదట నాలుగు పేర్లకు ఒకే ఫోన్ నంబరు పట్టుకున్న అమ్మాయి. ఆమెను అడిగి తీసుకున్నాం. పాన్ లేకుండా కోడ్ తెరవరు, అదే పాన్, ఫోన్ ఇంకెక్కడైనా ఉంటే సిస్టమ్ చూపిస్తుంది. అడిగిన రోజే కోడ్ ఇచ్చి తీరాలి, ఆలస్యం చేస్తే మళ్లీ దొడ్డిదారి పుడుతుంది.

కొత్త ఈఆర్‌పీలోకి మారడానికి అకౌంట్స్ వాళ్లు ఏప్రిల్ 1 అడిగారు. వాళ్ల లెక్కల పుస్తకానికి అది మంచి రోజే, కానీ ఫిబ్రవరి, మార్చిలో సీడ్ (రొయ్య పిల్లలు) వేసిన చెరువులు మేత బాగా తినే సమయం కూడా అదే. వేసవి పట్టుబడి అయ్యాక వచ్చే ఖాళీ సమయానికి వాయిదా వేయించాం. పాత కోడ్‌లు ఒక్కటి కూడా చెరపలేదు. బ్లాక్ చేసి, పాత కోడ్ ఏ కొత్త కోడ్‌కు వెళ్లిందో చెప్పే పట్టికను ఈఆర్‌పీలోనే ఉంచాం. డీలర్లు మూడేళ్ల కిందటి బిల్లు పట్టుకుని వచ్చినప్పుడు అదే దిక్కు.

అన్నీ కుదిరాయని చెప్పలేను. గ్రూప్ పరిమితి అమలయ్యాక కొందరు డీలర్లు కోపంతో వేరే కంపెనీ మేతకు మారారు. సేల్స్ వాళ్లు ఇప్పటికీ ఆ నష్టాన్ని మా ఖాతాలో రాస్తారు. ఎండీ గారు మాత్రం ఆ పేర్ల పక్కన పాత బాకీలు చూసి ఏమీ అనలేదు. స్పేర్ పార్టుల్లో బేరింగులు, బెల్టులు, డైలు పూర్తయ్యాయి, ఎలక్ట్రికల్ సరుకు సగంలో ఉంది. మెయింటెనెన్స్ ఇంజినీరు మారాడు, కొత్తాయన వేరే వరస కావాలంటున్నాడు.

ఇప్పుడు కంపెనీ రైతుల మాస్టర్ కూడా కావాలంటోంది. ఏ చెరువుకు ఎంత మేత వెళ్లింది, ఎంత కౌంట్‌లో (కిలోకు ఎన్ని రొయ్యలు) పట్టారు అన్నది చూడాలని కోరిక. రైతు పేరుతో కోడ్ తెరుద్దామని సేల్స్ టీమ్ అంటోంది. కానీ డెల్టాలో చెరువులు చాలావరకు లీజు మీద నడుస్తాయి, ఈ ఏడాది ఒకరు, వచ్చే ఏడాది ఇంకొకరు. చెరువు అక్కడే ఉంటుంది. కాబట్టి సర్వే నంబరుతో చెరువునే మాస్టర్ చేసి, లీజుదారును ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా అని దానికి తగిలించాలన్నది నా వాదన. సర్వే నంబర్లు ఎవరు తెస్తారన్న దగ్గర మీటింగ్ ఆగింది. ఆధార్ కాపీలు మాత్రం సేకరించకూడదని ముందే ఒప్పించాం.